పోశవ్వ నూరిన చాకు

పోశవ్వ నడుమున చాకు కనిపిస్తే చాలు, మా కార్మికుల ఇళ్ల లైనులో మగవాళ్లకు కళ్లు మండేవి. ఆడదానికి మడతచాకు ఎందుకట! మేకలు కాసేది ఆమె, గిట్టలు చెక్కేది ఆమె, కాళ్లలో దిగిన ముళ్లు తీసేది ఆమె. చాకు మాత్రం మగవాడి జేబులో ఉండాలట. ఏం న్యాయమండీ ఇది? ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య తడిక ఒక్కటే అడ్డం. గోదావరిఖనిలో బొగ్గుబావులు ఒకదాని వెంట ఒకటి తెరుస్తున్న రోజులవి. పోశవ్వ మొగుడు బిక్షం బావిలో బొగ్గు నింపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. డ్యూటీ దిగి వచ్చాడంటే తిని పడుకోవడమే. ఇల్లు నడిచింది పోశవ్వ మేకల మీదనే.

ఆ చాకు ఆమె తండ్రిది. నైజాం కాలంలో అడవికి షికారుకు వచ్చిన దొర ఒకడు, దారి చూపించినందుకు ఇచ్చి పోయాడట. జింక కొమ్ము పిడి, అరచేతిలో ఇమిడిపోయే ఉక్కు అలుగు, అంటే కోసే భాగం. మంద తోలే ఓపిక పోయాక ముసలాయన మేకలనూ చాకునూ కలిపి కూతురికే ఇచ్చాడు. కొడుకు ఆగయ్య అప్పటికే వర్క్‌షాపులో హెల్పరు. మేకల వాసనంటేనే ముక్కు మూసుకునేవాడు. తండ్రి పోయినప్పుడు కూడా చాకు ఊసు ఎత్తలేదు.

మా దగ్గర చాకుకు తుప్పు కన్నా పెద్ద శత్రువు బొగ్గుదుమ్ము. ఆరేసిన బట్టల మీద పడినట్టే మడత సందులోనూ చేరుతుంది. అక్కడ జిడ్డుతో కలిసి గట్టిపడిందా, ఇక చాకు విప్పుకోదు. అందుకే పోశవ్వ సాయంత్రం మేకలను కట్టేయగానే వేపపుల్ల మొన నమిలి కుచ్చు చేసి ఆ సందంతా తోమేది. పొడిగుడ్డతో తుడిచి ఒకే ఒక్క చుక్క ఆముదం వేసేది. “ఎక్కువ పోస్తె దుమ్మును మనమే పిల్శినట్టు” అనేది.

నూరడానికి గోదావరి ఒడ్డు నుంచి తెచ్చుకున్న నున్నటి రాయి ఉండేది. దాని మీద నీళ్లు చల్లుతూ, అలుగును ఒకే వాలులో ఆనించి, అటు ఎంత రుద్దితే ఇటూ అంతే రుద్దేది. చివరకు బిక్షం పాత బూటు తోలు మీద వెనక్కి లాగేది. అప్పుడు అంచును బొటనవేలి గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. జారిందంటే మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఒక దసరా ముందు ఆగయ్య ఊడిపడ్డాడు. వర్క్‌షాపులో ఆయుధపూజ జోరుగా చేస్తున్నారట. దొర ఇచ్చిన చాకు తమ ఇంట్లో ఉందని అందరి ముందూ గొప్పలు పోయాడట.

“అక్కా, నాయిన చాకు గీ ఒక్క పండుగకియ్యే. పూజల పెట్టి తెస్త.”

“ఇయ్య. దాన్ని ఎట్ల పట్టాల్నో నీకు తెల్వది.”

తెలియదంటే ఊరుకుంటాడా? మర్నాడు ఆమె చాకును గూట్లో పెట్టి స్నానానికి పోయిన సమయం చూసి, బావను బతిమాలి పట్టుకుపోయాడు. పండుగే కదా అని బిక్షం తీసి చేతిలో పెట్టాడు, మహానుభావుడు!

వర్క్‌షాపులో కరెంటుతో తిరిగే సానరాయి ఉంది. మావాళ్లకు అప్పట్లో ఒక పిచ్చి ఉండేది, మిషను చేసిందంటే ఇక తిరుగులేదని. పారలు, గడ్డపారలు సానపెట్టే ఆ రాయి మీద ఆగయ్య చాకును అదిమి పట్టాడు. నీళ్లు లేవు, పాడు లేదు. నిప్పురవ్వలు ఎగిరాయి, చుట్టూ ఉన్నవాళ్లు వహ్వా అన్నారు. అలుగు తళతళా మెరిసింది. అంచు పొడుగునా మాత్రం నీలం రంగు తిరిగింది. అది కూడా అందమే అనుకున్నాడు ఆ మొద్దు. వేడికి ఉక్కులోని గట్టిదనం చచ్చిపోతే వచ్చే రంగు అది.

పూజ అయ్యాక మేకపోతును కోశారు. ఆగయ్య తన చాకుతోనే తోలు ఒలుస్తానని కూర్చున్నాడు. మోకాలి కీలు దగ్గరికి వచ్చేసరికి అంచు రేకులా మడతపడింది. అందరూ పగలబడి నవ్వారట. ఆ నవ్వుల కోపమంతా తెచ్చి, చాకును పోశవ్వ వాకిట్లో విసిరికొట్టాడు.

“పాత ఇనుము! గిదో చాకా?”

పోశవ్వ దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. “నీ చేతులిరగ! దాన్ని సంపినవ్ గదరా!” అని ఆమె అరిచిన అరుపుకు ఆగయ్య వీధి మలుపు దాటాడు, బిక్షం ఇంట్లో దూరి తలుపేసుకున్నాడు.

ఆ సాయంత్రమే రాయి ముందు కూర్చుంది. ఇక చూడాలి ఆ మొండితనం! దసరా పోయి చలి ముదిరినా రోజూ కూర్చోవడం మానలేదు. నీళ్లలో నాని వేళ్లు పగిలాయి. నాకు చూసి చూసి విసుగొచ్చింది.

“పారెయ్యరాదు పోశవ్వా. పెద్దపల్లి అంగట్ల కొత్తది దొరుకదా?”

“లోపల్ల ఇంక బతికే ఉన్నది సమ్మవ్వా. సచ్చిపోయినంత మేర అరగదీస్త.”

అన్నంత పనీ చేసింది. నీలం గీత సన్నబడుతూ సన్నబడుతూ మాయమైంది. దానితోపాటు అలుగూ బక్కచిక్కింది. ఒకనాడు తడిక మీది నుంచి నన్ను పిలిచి, నా గోటి మీద అంచు ఆనించింది. జారలేదు. పోశవ్వ గట్టిగా నవ్వింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ చాకుతో ఆమె మేక గిట్టలు చెక్కుతుంటే ఆగయ్య కంటపడింది. మళ్లీ ఆశ పుట్టింది సచ్చినోడికి! సెలవు ఆదివారం చూసుకుని కులపెద్ద సదయ్యను, ఇంకో నలుగురిని వెంటబెట్టుకు వచ్చాడు. అందరూ పోశవ్వ వాకిట్లో మేకల దొడ్డికి అడ్డంగా చాప పరుచుకుని కూర్చున్నారు.

“తండ్రి ఆయుధం కొడుకుకు పోవాలె బిడ్డా,” అన్నాడు సదయ్య. “మన కులంల గదే పద్ధతి. తమ్మునికిచ్చెయ్. ఇయ్యనంటివా, వెలేస్తం. మీ ఇంటికి నిప్పు ఇచ్చేటోడు ఉండడు, పీనుగు మోసేటోడు ఉండడు.”

“ఇచ్చెయ్యే, ఎందుకచ్చిన లొల్లి” అని గొణిగాడు బిక్షం. వెలి అంటే మాటలా?

పోశవ్వ లేచి రాయి దగ్గరికి పోయింది. రాయిని పక్కకు దొర్లించింది. కింద, నూరినప్పుడు కారిన నీళ్లతో చేరి నల్లగా ఎండి పేరుకున్న బురదను రెండు చేతులతో గీకి తెచ్చి, ఆగయ్య ఒళ్లో పోసింది.

“పట్టు. నాయిన చాకు గిదే. నువ్వు కాల్చిందంత గిండ్లనే ఉన్నది. తీస్కపోయి పూజ చేస్కో.” నడుములోంచి చాకు తీసి టక్కున విప్పింది. “గిది నేను నూరి తీసిన చాకు. దీనికి అవ్వను నేనే, నాయినను నేనే. సదయ్య కాకా, వెలేస్తవా? వెయ్యి. నా మేకలైతె నీ కులంల లేవు.”

ఆగయ్య ఒళ్లోని మట్టి దులుపుకోవడం కూడా మరిచిపోయాడు. పోశవ్వ చాకు మడిచి నడుమున దోపుకుంది. దొడ్డి తలుపు తీసి, మందను ఆ కూర్చున్నవాళ్ల మధ్యలోంచే తోలింది. సదయ్య కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు.