రేగుచెట్టు కింద వెల్ష్

కువైట్‌లోని అబూ హలీఫాలో మా బిల్డింగు వెనక రేగుచెట్టు మీద పికిలిపిట్టలు వాలేవి. వేల్స్ నుంచి వచ్చిన మా ఆసుపత్రి పెద్ద నర్సు ఉద్యోగం మానేసి వెళ్తోందని తెలిసి, వీడ్కోలు రోజున "చెట్టు మీద పిట్ట పాడుతోంది" అని ఆవిడకి వాళ్ల వెల్ష్ భాషలోనే చెప్పాలని పంతం పట్టాను. కళ్లు మూసుకుని, కువైట్ ఇసుకంతా గొంతులో పోసుకున్నట్టు గరగరలాడిస్తూ ఆ మాటే పిట్టలకు వినిపిస్తుంటే, నా గదిలో ఉండే నర్సక్క చూసింది.

"స్తోత్రం! మా చెల్లికి అన్యభాషల వరం వచ్చేసిందర్రా!"

"ప్రార్థన కాదక్కా, వెల్ష్!"

"వరం వచ్చినోళ్లకి తామేం మాట్లాడుతున్నారో తెలీదులేవే!"

మరుక్షణం బిల్డింగులోని తెలుగు ఆడవాళ్లంతా ముసుగులేసుకుని చెట్టు చుట్టూ చేరారు. పిట్టలు సౌదీ దాటిపోయాయి. వీడ్కోలు రోజున నేను నోరు తెరవగానే నర్సక్క బృందం "ఆమేన్" అని హోరెత్తించింది. పెద్ద నర్సు నా చెయ్యి నొక్కి, ప్రార్థనకు థ్యాంక్స్ అని ఇంగ్లీషులో చెప్పి కారెక్కింది.