బోర్డింగులో నా తరఫున మాట్లాడినవాడు

మా ఊరి పిల్ల ఒకతె ఈ ఏడు జగదల్‌పూర్‌లో పెద్ద చదువుకు చేరింది. కొత్తగా వచ్చినవాళ్లు హాస్టల్లో ఎట్లా మెలగాలో ఒక కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారట. "తాతా, నువ్వు కూడ ఆడ చదివినవంట గదా, ఇంకేమన్న ఉంటే చెప్పు" అని ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. చదివాను. వేళకు తినమన్నారు, తాళం వేసుకోమన్నారు, గది ఊడ్చుకోమన్నారు. మంచివే. కింద ఒకటుంది: ఏ ఇబ్బంది వచ్చినా మీ ప్రాంతం నుంచి వచ్చిన సీనియర్లను అడగండి, వాళ్లు మీకు తోడుంటారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లతో నోటితో చెబితే కోపంలో సగం మింగేస్తానని రాసి ఇస్తున్నాను. ఎవరు చదువుకున్నా సరే.

నేను అక్కడ చదివింది ఒక్క వానాకాలం. అదీ సరిగ్గా నిండలేదు.

అప్పటికి బస్తర్ ఇంకా సంస్థానం. మా ఊరు దాని దక్షిణపు కొసన, ఏరు దాటితే భద్రాచలం వైపు నేల. పర్యటనకు వచ్చిన సంస్థానపు అధికారి ఒకడు, నేను మా నాన్న నేర్పిన తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవడం చూసి ముచ్చటపడ్డాడు. రాజధాని జగదల్‌పూర్‌లో పెద్ద బడి ఉంది, బోర్డింగు ఉంది, కూడూ గుడ్డా సర్కారువే, మీ తాలూకాకు రెండు సీట్లున్నాయి, ఒకటి ఖాళీ అని చెప్పాడు. ఆ ఖాళీ సీటు నాకు వచ్చింది. మా వంశంలో బడి గడప తొక్కబోతున్న మొదటివాణ్ని నేనే. వానలు పడితే వాగులు పొంగి దారి మూసుకుపోతుందని, తొలకరికి ముందే సుక్మా దాకా ఎడ్లబండి మీద, అక్కడి నుంచి లారీలో కలప దుంగల మీద కూర్చుని వెళ్లాను.

మా తాలూకా మొదటి సీటులో ఉన్నవాడు నాకన్నా నాలుగేళ్లు పెద్ద. అప్పటికి అక్కడ మూడేళ్లుగా ఉంటున్నాడు. మా ఊరికి రెండు కోసుల దూరం వాళ్ల ఊరు. అన్నా అని పిలిచాను. ఇక్కడ కూడా అన్న అనే రాస్తాను, పేరు రాయడం నాకిష్టం లేదు.

నిజం చెప్పాలి కదా, అతను నేర్పిన పనులు అన్నీ పనికొచ్చేవే. పెంకు జారిన చోట మంచం వేసుకోవద్దన్నాడు. తలుపు పక్కన వేసుకుంటే పొద్దున అందరికన్నా ముందు బావి దగ్గరికి పోవచ్చన్నాడు. పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకోమన్నాడు. భోజనాల్లో మొదటి వరుసలో కూర్చోవద్దు, పప్పు మీద తేట వాళ్లకు పోతుంది, రెండో వరుసకు వచ్చేసరికి గరిటె అడుగుకు దిగుతుంది అన్నాడు. మాస్టరు సమజైందా అంటే తలూపమన్నాడు, తర్వాత తనను అడగమన్నాడు. నేను అడిగేవాణ్ని, అతను చెప్పేవాడు. ఆ బోర్డింగులో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. నాకు హిందీ రాదు. బస్తర్ సంతల్లో అందరూ మాట్లాడే హల్బీ నాలుగు ముక్కలు వచ్చు, అంతే. కాబట్టి నా చెవీ అతనే, నా నోరూ అతనే. ఆ పిల్లకు నేను చెప్పదలచిన మొదటి సంగతి ఇక్కడే ఉంది. మంచం ఎక్కడ వేసుకోవాలో ఎవరు చెప్పినా విను. నీ నోరు మాత్రం ఎవరికీ అప్పగించకు.

టౌను పిల్లలు మా వైపు వాళ్లను జంగ్లీ అనేవారు. నన్ను రోజూ అనేవారు. అన్నను అనేవారు కాదు. అతను మూడేళ్లు కష్టపడి ఆ మాటను ఒంటి మీద నుంచి దులుపుకున్నాడు. తల దువ్వుకునే తీరు, నవ్వే తీరు, వాళ్లలాగే. నేను అది చూసి గర్వపడ్డాను.

వానాకాలం చివర టౌనులో కొత్త బియ్యం పండుగ చేశారు. వాళ్లు నవాఖాని అంటారు. మొదటి వడ్లు దంచి దేవతకు పెట్టి, ఆ మీద అందరూ తింటారు. మర్నాటి నుంచి బోర్డింగులో కొత్త బియ్యమే వండారు. వాళ్లకు పండుగ అయింది. మాకు కాలేదు. మా ఊళ్లో దోర్లా తెగవాళ్ల ఇళ్లూ మా ఇళ్లూ కలిసి కొత్తల పండుగ చేసుకుంటాం. ఊరి పూజారి రోజు చెప్పాలి, పెద్దలకు పెట్టాలి, అప్పుడే కొత్త గింజ నోట్లో పడాలి. టౌనుకన్నా నెల వెనక వస్తుంది అది. ఇంట్లో ఒక్కరు ముందుగా తిన్నా ఇంటిల్లిపాదీ తిన్నట్టే లెక్క, కీడు ఎవరి మీద పడుతుందో తెలియదు. నేను బయల్దేరేనాటికి మా అమ్మ చూలాలు. పండుగకు ముందు కొత్త గింజ ముట్టవద్దని, ఆమె నాకు చెప్పి పంపింది ఈ ఒక్కటే.

విస్తరిలో అన్నం పడగానే వాసనే చెప్పింది, కొత్తదని. పప్పు, ఆకుకూర తిని లేచాను. ఆ సాయంత్రం అన్నను అడిగాను. వంటవాళ్లు తాము తాగడానికి రాగి జావ కాచుకుంటారు, నెల రోజులు నాకు ఆ జావ పోయించమని సారును అడగనా అన్నాను. నాకు జావ కొత్త కాదు, అందులో చిన్నతనమూ లేదు.

"నువ్వు అడగకు. ఒకటి చెప్పబోయి ఇంకోటి చెప్తవ్. నేను చెప్త" అన్నాడు.

అతను మాత్రం అన్నం తింటూనే ఉన్నాడు. చూశాను. నువ్వెట్లా తింటున్నావన్నా అని అడగలేదు. పెద్దవాణ్ని అడిగే మాట కాదది.

మూడు రోజులు పప్పు తాగి బతికాను. వంటవాడు చెప్పాడు కాబోలు, నాలుగో రోజు బోర్డింగు పెద్దసారు పిలిపించాడు. ఆయన బల్ల వెనక కూర్చున్నాడు. నేను ఇటు నిలబడ్డాను, నా పక్కన అన్న. అప్పట్లో స్వరాజ్యం గొడవల్లో అటు బ్రిటిషు ఇలాకా బళ్లలో పిల్లలు చదువులు మానేసి కూర్చుంటున్నారని, కూడు మానేస్తున్నారని ఇక్కడి సార్లకు బెదురు పట్టుకుని ఉంది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

ఎందుకు తినడం లేదని ఆయన అడిగితే అన్న నాకు తెలుగులో చెప్పాడు. నేను నా మాట చెప్పాను. పొల్లు పోకుండా ఇదీ ఆ మాట: "మా ఇంట్ల ఇంక కొత్తల పండుగ కాలే. పెద్దలకు పెట్టకముందు నేను తినగూడదు. మా అమ్మ చూలాలు. పండుగ దాక జావ పోస్తే చాలు, ఆ తర్వాత అందరితోపాటు తింట."

అన్న అటు తిరిగి హిందీలో చెప్పాడు. నేను చెప్పినంత పొడుగు లేదు. సారు ముఖం గట్టిపడింది, ఇంకేదో అడిగాడు. అన్న కొంచెం ఆగి మరో మాట చెప్పాడు. అందులో ఖానా, సర్కార్ అన్న రెండు మాటలు నేను పట్టుకున్నాను. తిండి సంగతీ సర్కారు సంగతీ కదా, సరిగానే చెబుతున్నాడు అనుకున్నాను. తెలియని భాష ముందు మనిషి అంత తేలిగ్గా సంతోషపడతాడు. ఆ రెండు వాక్యాల చప్పుడు మాత్రం, చెప్పిన తీరుతో సహా, నా చెవిలో అట్లాగే ఉండిపోయింది.

సారు కాగితం ఒకటి రాసి తోశాడు. అన్న వేలితో చోటు చూపించాడు.

"సెలవిచ్చిండు. ఇంటికి పోయి పండుగ జేసుకొని రమ్మంటున్నడు. ఈడ పేరు రాయి" అన్నాడు. పెట్టె కూడా తీసుకుపొమ్మన్నాడు, ఇక్కడ ఎలకలు గుడ్డలు కొరుకుతాయట.

తెలుగులో నా పేరు రాశాను. రాసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి సారు కాళ్లకు దండం పెట్టాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. పెద్దవాళ్లు మొహమాటపడతారు కదా అనుకున్నాను. గేటు దాకా పెట్టె ఒక పక్క అన్న పట్టాడు.

ఇది రెండో సంగతి. చదవలేని కాగితం మీద పేరు రాయకు. ఎవరు వేలు పెట్టి చోటు చూపించినా రాయకు. ఆఫీసువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

సుక్మా దగ్గర వాగు తగ్గేదాకా బండ్లవాళ్లతో ఉండి, ఇల్లు చేరాను. పండుగకు అందుకున్నాను. చెల్లి పుట్టింది, అమ్మ కులాసా. ఊళ్లో నన్ను చూడడానికి వచ్చినవాళ్లందరికీ పెద్దసారు మంచితనం చెప్పాను. పండుగకు పంపిన సారు అంటే మావాళ్లకు దేవుడే. తిరుగు ప్రయాణానికి మా అమ్మ కొత్త అటుకులు దంచి మూట కట్టింది, సారుకని ఒకటి, అన్నకని ఒకటి.

బోర్డింగుకు తిరిగి వచ్చేసరికి తలుపు పక్క నా చోట వేరే పిల్లవాడి మంచం ఉంది. కాపలావాడు హల్బీలో నాకు అర్థమయ్యేట్టు నిదానంగా చెప్పాడు: నీ పేరు కొట్టేశారు, నువ్వే వెళ్లిపోతానని రాసిచ్చావు, మీ తాలూకా సీటు ఇంకొకరికి పోయింది. లోపలికి రానివ్వలేదు. అన్నను పిలవమన్నాను. వచ్చాడు, గేటు అవతలే నిలబడ్డాడు.

"సారు మనసు మారింది తమ్మీ. నేనేం జేత్తు" అన్నాడు.

ఆ మాట నమ్మాను. రెండు మూటలూ అతని చేతిలోనే పెట్టాను, ఒకటి సారుకు ఇమ్మని. తీసుకున్నాడు. అది నా పొరపాట్లలో అన్నిటికన్నా నన్ను కాల్చేది.

ఇంటికొచ్చాక మా నాన్న నమ్మలేదు. ఊరికే ఎవరూ పేరు కొట్టెయ్యరు, నువ్వేదో చేసి ఉంటావు అన్నాడు. బతికినన్నాళ్లూ అదే అన్నాడు. ఆ తర్వాత మా ఊరి నుంచి ఇంకో పిల్లవాణ్ని ఎవరూ అడగలేదు. అడిగినా మావాళ్లు పంపేవాళ్లు కాదు.

నేను అడవి నాకా దగ్గర, కలప బండ్లను ఆపి చూసే చోట, దుంగలకు ముద్ర కొట్టే కూలిపనిలో కుదిరాను. నాకాలో గార్డు పిల్లల పాత హిందీ వాచకం ఒకటి అట్టలు ఊడిపోయి పడి ఉండేది. దుంగల మీద కూర్చుని అదే చదివాను. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు, అడగడం మీద నాకు అసహ్యం పుట్టింది. రెండేళ్లకు చీటీలు, రసీదులు, పొట్లాలు చుట్టిన కాగితాలు, కనిపించిందల్లా చదవసాగాను. ఒక మధ్యాహ్నం గార్డు భార్య తన పసివాణ్ని, తినవా, తినవా అని హిందీలో గదుముతోంది. ఆ మాట చెవిన పడగానే, ఇన్నేళ్లుగా ఉత్త చప్పుడుగా నాలో పడి ఉన్న ఆ రెండు వాక్యాలూ వాటంతటవే విచ్చుకున్నాయి. చేతిలో సుత్తి కిందపెట్టి విన్నాను, మళ్లీ ఎవరో చెబుతున్నట్టు.

మొదటిది: వీడు సర్కారు కూడు తినడట. రెండోది: మిగతా పిల్లలను కూడా తినొద్దంటున్నాడు.

ఆ పూట పని చేయలేకపోయాను. పెద్దసారును అన్నేళ్లూ తిట్టుకున్నాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నది మొహమాటంతో కాదు. కుట్రదారు అనుకున్నవాడు వచ్చి కాళ్లు ముట్టుకుంటే ఎవరైనా తీసుకుంటారు.

సంస్థానం పోయింది, కలెక్టర్లు వచ్చారు. ఇంకా చాలా ఏళ్లకు పొలం కాగితం నకలు కోసం తహసీలు ఆఫీసుకు వెళ్తే, అన్న అక్కడ గుమస్తా, వాళ్ల మాటలో బాబు. బట్టతల, కళ్లద్దాలు. నన్ను గుర్తుపట్టి కుర్చీ లాగాడు, టీ తెమ్మని కేకేశాడు. పక్క బల్ల దగ్గర రాయ్‌పూర్ వైపు గుమస్తా ఒకడు, తెలుగు రానివాడు, దస్తాలు కుడుతున్నాడు. నేను కూర్చోలేదు. ఆ రెండు వాక్యాలూ హిందీలో, అతను చెప్పిన తీరునే చెప్పి వినిపించాను.

అతను కళ్లద్దాలు తీశాడు.

"మీ వైపు ఆచారమిది అని చెప్తే, మరి నువ్వెట్ల తింటున్నవ్‌రా అని అడుగుతడని భయపడ్డ. ఒకటి చెప్పిన. ఎందుకు తినడని మళ్ల అడిగిండు. ఇంకోటి చెప్పాల్సొచ్చింది" అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి.

"ఆ సెలవు ముచ్చట?"

"నీకు మొకం చూపియ్యలేక చెప్పిన."

"నేను ఆనాడు ఏం చెప్పిన్నో యాదికున్నదా?"

తలూపాడు.

"అయితే ఇప్పుడు చెప్పు. హిందీల. ఆనాడు చెప్పాల్సినట్టు."

ఏంది తమ్మీ, ఇప్పుడేం లాభం అన్నాడు. ఇంటికి రమ్మన్నాడు, నకలు ఈ పూటే ఇప్పిస్తానన్నాడు. నేను కదల్లేదు. చివరికి బల్ల వంక చూస్తూ చెప్పాడు. పండుగ కాలేదన్నది, పెద్దలకు పెట్టాలన్నది, అమ్మ చూలాలన్నది, జావ పోస్తే చాలన్నది, ఆ తర్వాత అందరితోపాటు తింటానన్నది. ఒక్కటీ మరచిపోలేదు. ఎంత చక్కని హిందీ అది. నేను దుంగల మీద కూర్చుని నేర్చుకున్న హిందీకి ఆ నునుపు ఇప్పటికీ రాదు.

పక్క బల్ల గుమస్తా దారం కొరికి తలెత్తాడు. ఇదంతా ఇప్పుడు జరుగుతున్న ఏదో బడి తగువు అనుకున్నట్టున్నాడు. "దీనికి అంత గొడవెందుకు? ఆ పిల్లవాడికి జావ పొయ్యమని ఒక చీటీ రాస్తే సరి" అని మళ్లీ దస్తా కుట్టుకోసాగాడు.