ఇంటర్నెట్టుకు నేను చెప్పిన సగం పాఠం

ఆ రోజుల్లో నంద్యాలలో ఇంటర్నెట్టు అంటే బస్టాండు దగ్గర మేడ మీద ఎనిమిది కంప్యూటర్లున్న ఒక గది. ఆ గది ఊడవడం, కుర్చీలు సర్దడం, చెప్పులు బయట విప్పమని జనం మీద అరవడం నా ఉద్యోగం. (నాది బొంగురు గొంతు. మైకు ఖర్చు తప్పిందని ఓనరు సంబరపడేవాడు.) నాకు అక్షరాలు అంతంతమాత్రం, అంకెలు మాత్రం బాగా వచ్చు. అప్పటికి మా ఆయన బతికే ఉన్నాడు. శిరివెళ్లలో ట్రాక్టరు తోలుతూ, తన భార్య కంప్యూటర్ల పని చేస్తుందని ఊరంతా చెప్పేవాడు. చీపురు సంగతి చెప్పేవాడు కాదు.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మెట్ల కింది దాకా జనం. మా చెల్లెలు ఆళ్లగడ్డలో ఎస్టీడీ బూత్ దగ్గర కాచుకొని ఉంది. పాసైతే నర్సు చదువుకు పంపుతానన్నాడు మా నాయన, తప్పితే మర్నాటి నుంచి కూలికే. దాని హాల్ టికెట్టు నంబరు నాకు నోటికి వచ్చు. ఓనరు తమ్ముడు, మేం కళ్లద్దాలన్న అనేవాళ్లం, నంబర్ల జాబితా ఇస్తే దానంతటదే వెబ్‌సైటును అడిగి ఫలితాలు తెచ్చే ప్రోగ్రాం రాశాడు. అది ఒక నంబరు అడిగి, జవాబు వచ్చేదాకా గుడ్లప్పగించి కూర్చొని, ఆ తర్వాతే రెండోది అడిగేది. గంటకు పదిమందివి కూడా రాలేదు. తిట్లన్నీ నాకే. పెళ్లికి ముందు నేను మా మేనత్త టిఫిన్ హోటల్లో వడ్డించేదాన్ని. ఒక బల్లకు దోశ వచ్చేదాకా రెండో బల్లను అడగకుండా నిలబడితే అత్త గరిటె తిరగేసేది. అదే కళ్లద్దాలన్నతో అన్నాను.

"పదిమందివీ ఒకేసారి అడుగన్నా. ఒకటి వచ్చేదాంకా ఊరికే కూచుంటే ఎట్లా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, టకటకా ఏదో కొట్టాడు. ఫలితాలు జలజలా రాలాయి. నేను పైట సర్దుకొని, అదంతా నా తెలివే అన్నట్టు నిలబడ్డాను.

అచ్చైన కాగితం కళ్లద్దాలన్న పైకి చదివాడు. ఏడాదంతా సినిమాహాల్లో గడిపిన మిల్లు గుమాస్తా కొడుక్కి ఫస్టు క్లాసు. మా చెల్లెలు ఫెయిల్. అంతలోనే దాని ఫోను వచ్చింది, ఏమైందక్కా అని. నా గొంతు మొదటిసారి సన్నబడింది. ఇంకా చూస్తాండారు, పెట్టేయొద్దు అని చెప్పి, ఆ కాగితం లాక్కున్నాను. ఒకవైపు పేరు, పక్కన వెబ్‌సైటు పంపిన నంబరూ మార్కులూ. చెల్లెలి పేరు పక్కన ఉన్న నంబరు చెల్లెలిది కాదు. కంప్యూటరు తప్పు చేయదన్నాడు కళ్లద్దాలన్న.

"కంప్యూటరు కాదన్నా, నువ్వు. అయిదు బల్లలకు ఒకేసారి చెప్తే ఇడ్లీ ముందొస్తాది, దోశ వెనకొస్తాది. ముందొచ్చిందని మొదటి బల్లకే పెట్టినావా ఏంది?"

ఆయన తల పట్టుకున్నాడు. (ఆ మాట ముందే చెప్పాల్సింది. సగం పాఠం చెప్పి మురిసిపోయింది నేనే.) జవాబు ఏ నంబరుదో చూసి ఆ పేరు పక్కకే చేరేలా మార్చి, మళ్లీ అచ్చు తీశాడు. గుమాస్తా మాత్రం పాత కాగితం మడిచి జేబులో పెట్టుకొని, తనకు అదే చాలన్నాడు. మా చెల్లెలు పాసైంది. నేను ఫోనులో అరిచిన అరుపు ఫోను లేకపోయినా ఆళ్లగడ్డకు వినబడేదట.

అది నర్సై చాలా ఏళ్లయింది. అంతమంది ముందు, చదువుకున్న మనిషిని నిలదీసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే బ్యాంకులో ఫారం నింపమని అడగడానికే మొహమాటపడి, ఎవరైనా మెత్తగా కనబడేదాకా గోడవారగా నిలబడతాను.