భీముణ్ణి లేపిన రాయి

మొన్న పలమనేరులో పెళ్లి చూసుకొని తిరుపతికి తిరిగి వస్తుంటే పూతలపట్టు దాటగానే కారు టైరు పంచరయింది. నా కోడలు, గట్టిగా గాలి వీస్తే చెయ్యి పట్టుకోవాలనిపించేంత సన్నటి పిల్ల, పట్టుచీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని, కారు కింద జాకీ పెట్టి పిడి తిప్పడం మొదలుపెట్టింది. అంత కారూ మెల్లగా పైకి లేస్తుంటే నాకు తెలియకుండానే "భీముడు లేచినాడోయ్!" అని కేక పెట్టేశాను. అది బిత్తరపోయి నా వంక చూసింది. ఆ కేక సంగతి చెప్పాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి.

నాయన సేద్యగాడే అయినా ఏటా ఎండాకాలం మా ఊళ్లో భారతం ఆటలు జరిగినన్నాళ్లూ ఆయన భీముడు. భుజకీర్తులు కట్టుకొని, గద ఎత్తుకొని, బకాసురుడికి అన్నం తీసుకుపోయే బండి మీద నిలబడితే చుట్టుపక్కల పల్లెలన్నీ వెంట నడిచేవి. నేను మా ఊరి బడిలోనే పంతులమ్మగా చేరేనాటికి ఆయన మీసం నెరిసింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. వేషం ఇక పడుచువాళ్లకు ఇద్దామని ఊరి పెద్దలు గుసగుసలాడుతున్నారని తెలిసి, పాపం, ఆయనకు అన్నం కూడా సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే నా బుర్రకు ఒక ఆలోచన తట్టింది. తులాదండం, కప్పీ అంటూ నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా మా పిల్లల తలకెక్కేది కాదు, భారతం ఆటంటే మాత్రం తెల్లవార్లూ కన్నార్పరు. అయితే యంత్రాలనే ఆటగా ఆడిస్తే పోలా అనుకున్నాను. దూలానికి ఒక కొసన భీముడు, రెండో కొసన మూడో తరగతి పిల్ల, దూలం కింద మధ్యన ఆనుగా ఒక రాయి. పిల్ల భీముణ్ణి లేపాలి, అంతే నాటకం.

అడగ్గానే నాయన మొహం చిన్నబోయింది. చిన్నపిల్ల ఎత్తిపడేసిన భీముడికి ఆ తర్వాత గద ఎవరిస్తారు? అది నాకూ తెలుసు, అయినా అడిగాను. మొండిదాన్ని కదా! ఆఖరికి "దీంతో నీ పిల్లోళ్లకు పాఠం వస్తాదా పాపా?" అన్నాడు. వస్తుందన్నాను. లేచి అటక మీంచి కిరీటం దించాడు.

ఆ రోజు బడి ముందర ఊరంతా చేరింది, పెద్దలంతా ముందు వరసలోనే. రాయి నడిమధ్యన ఉండటంతో పిల్ల గాల్లో కాళ్లు కొట్టుకుంటోంది, నాయనేమో మీసం దువ్వుతూ "ఎవురబ్బా నన్ను లేపేది?" అని గర్జిస్తున్నాడు. రాయి ఎటు జరపాలో మీరే చెప్పండని పిల్లల్ని అడిగాను. కొందరు ఇటన్నారు, కొందరు అటన్నారు. పిల్ల వైపు జరిపితే నాయన కదల్లేదు సరికదా గురక పెట్టి చూపించాడు. ఇక అందరూ గొంతులు చించుకొని భీముడి వైపు, భీముడి వైపు అని అరిచారు. జరిపాం. దూలం కిర్రుమంది. కిరీటంతో, గదతో సహా నాయన పైకి లేచాడు. "భీముడు లేచినాడోయ్!" అని పిల్లలు గంతులే గంతులు.

నేను మాత్రం పెద్దల మొహాలే చూస్తున్నాను. వాళ్లు నవ్వుతున్నారు, అది ఎలాంటి నవ్వో తెలియడం లేదు. అప్పుడు నాయన గాల్లోంచే గద ఎత్తి, భారతంలో పద్యం అందుకునే గొంతుతో, "నన్ను లేపింది బలం కాదప్పా, ఆ రాయి ఉండే తావు! బాగా సూడండి!" అన్నాడు. పెద్దలు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ ఏడు అన్నం బండి మీద మళ్లీ నాయనే నిలబడ్డాడు. వెనకాలే మా పిల్లలు రాయి జరపండి, రాయి జరపండి అని అరుచుకుంటూ పరుగు. కొన్నేళ్ల తర్వాత గద తనే ఒక పడుచువాడి చేతికిచ్చాడుగానీ, బడిలో భీముడు మాత్రం ఓపిక ఉన్నన్నాళ్లూ ఆయనే.

ఇప్పుడు మా బడిలో గోడకు పెద్ద తెర పెట్టారు, వేలితో తాకితే బొమ్మ దూలం లేస్తుంది. మంచిదే, పిల్లలకు త్వరగానే అర్థమవుతోంది. కాకపోతే ఆ కొసన ఎక్కి కూర్చునే మనిషి అక్కర్లేదు. ఆఖరి రోజుల్లో మంచం మీంచి లేపడానికి వీపు కింద చెయ్యి పెడితే నాయన నవ్వుతూ "రాయి యాడ పెట్టినావు పాపా?" అనేవాడు. నా బలం చాలదని తెలిసి మోచెయ్యి ఆనించి తనే కాస్త లేచేవాడు. ఆ రోజు దూలం మీద కూడా కాళ్లతో నేలను తన్ని తనే కాస్త లేచాడేమో, నేనెప్పుడూ అడగలేదు.