మా మేనత్త పట్టుకున్న పసుపు

మొన్న అండమాన్‌లోని మిన్నీ బే నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. నిద్దట్లోనే" అన్నాడు. ఏడ్చాను. కాసేపటికి ఆవిడ తిట్టిన తిట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చి నవ్వు కూడా ఆగలేదు.

మా మేనత్త పోర్ట్ బ్లెయిర్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసింది. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి హాడో రేవులో పనికొచ్చి స్థిరపడ్డాక పుట్టిన పిల్ల. ఆదివారం చర్చి నుంచి రాగానే చీరైనా మార్చకుండా చేపలు బాగుచేయడానికి కూర్చునేది. చేప కడుపులోని చేదుకట్టు చితికితే కూరంతా చేదే. అందుకే, "కోసే ముందు సూడాల. కోసాక సూసి ఏటి లాభం?" అనేది.

నా ఉద్యోగమూ అదే. లేజర్‌తో కోసే సర్జన్ చేతికి ఏదీ తగలదు. కాబట్టి లోపలి భాగాల మీద సన్నటి కాంతి వేసి, తిరిగొచ్చే రంగులను బట్టి ఇది కొవ్వు, ఇది కండరం, ఇది నరం అని చెప్పే పరికరం తయారుచేస్తున్నాం. ముఖంలో నరం తెగిందంటే మనిషికి నవ్వే పోతుంది.

సర్జన్‌కు చూపించడానికి ముందు రోజు అది మొండికేసింది. దుకాణం నుంచి తెచ్చిన మాంసం ముక్కల్లో నరమూ కొవ్వూ ఒకటేనంది. రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరవుతుందని బెంబేలెత్తి అత్తకు ఫోన్ చేశాను.

"ముక్కలు కడిగావేటే?"

"శుభ్రంగా కడిగానత్తా."

"ఎలాగ?"

"నువ్వు నేర్పినట్టే. ఉప్పూ, పసుపూ..."

అంటూనే పచ్చబడ్డ నా వేళ్లు చూసుకున్నాను.

"అరె పాగల్! మిషన్‌కి కూరొండి పెడతన్నావా?" అని దగ్గొచ్చేదాకా నవ్వింది.

అన్నిటికీ పసుపు పట్టించాను. పాపం, కాంతికి పసుపే కనిపించింది. తెల్లారే కొత్త ముక్కలు తెచ్చి ఉత్త సెలైన్‌తో కడిగితే, సర్జన్ ఎదుట పరికరం నరాన్ని నరమనే చెప్పింది. ఆ తిట్టే లేకపోతే మా పని అక్కడే ఆగిపోయేది.

ఎన్నో పరీక్షల తర్వాత వచ్చిన మొదటి రోగి ఒక లారీ డ్రైవరు. చెంపలో గడ్డ. నరం దగ్గరకొచ్చేసరికి పరికరం హెచ్చరించింది, సర్జన్ లేజర్ ఆపారు. కుట్లు మానాక ఆ డ్రైవరును అడిగి, ఆయన నవ్వుతుండగా చిన్న వీడియో తీసుకున్నాను.

క్రిస్మస్‌కు వెళ్లినప్పుడు అత్తకు చూపించాను. ఆపరేషన్ గురించి చెప్పబోతే, "బస్, ఉండవే" అని ఫోన్ లాక్కుంది. కళ్లద్దాలు సర్దుకుని వీడియో మళ్లీ పెట్టించుకుంది.

"రెండు పక్కలా సమానంగా నవ్వుతన్నాడే భయ్యా!"

ఆయన తననే చూస్తున్నట్టు, పళ్లు లేని నోటితో మా అత్త ఆ ఫోన్‌కు ఎదురు నవ్వింది.