ఐదు పూటలా నా కాళ్ళు వంచినోళ్ళు

ఆ శుక్రవారం మసీదుకి పోతాంటే వెనకనుంచి ఎవరో అరిచినారు. "బాబయ్యా, చెప్పు ఆడనే వదిలి పోతాండావే!" తిరిగి చూస్తే నిజమే, ఎడమకాలి చెప్పు రోడ్డు మీద పడి ఉండాది. అది ఊడిపోయిన సంగతి నా కాలికే తెలీలేదు. నవ్వుకొని తొడుక్కొని పోయినా. నమాజులో నుదురు నేలకానించి సజ్దా చేసినాంక లేవబోతే మోకాళ్ళు మాట వినలేదు. పక్కన నిలబడిన కాసీం మామ చంక కింద చెయ్యేసి లేపినాడు. బయటికొచ్చినాంక, "ఏమప్పా, పెండ్లి బిర్యానీ ఇంగా దిగలేదా?" అని ఎగతాళి చేసినాడు. అంతకుముందు వారం పెండ్లి భోజనం తిని మోషన్స్ అయి పడుకున్న సంగతి ఊరంతా తెలుసులే.

మాది కళ్యాణదుర్గం. బోరు మోటార్లకి రాగితీగ చుట్టి వైండింగ్ చేసే అంగడి నాది. తెల్లారేసరికి చేతులు గూడా పట్టు తప్పినాయి, స్పానర్ పట్టుకుంటే జారిపోతాంది. నా భార్య మాబున్ని ఇంగేమీ మాట్లాడలేదు, కారు పిలిపించి అనంతపురం తీసుకపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలు మీద కొట్టినాడు. కాలు ఎగరలేదు. "రిఫ్లెక్సెస్ లేవు," అని పక్కనున్న డాక్టరుతో అన్నాడు. వెన్నులోంచి నీరు తీసినారు, నర్వ్ కండక్షన్ టెస్ట్ చేసినారు. సాయంత్రం వచ్చి చెప్పినాడు: "ఇది జి.బి.ఎస్. ఇన్‌ఫెక్షన్‌తో కొట్లాడిన శరీరం ఇప్పుడు పొరపాటున తన నరాల మీదనే పడింది. నరాల మీద పొర పోతోంది."

"రాగితీగ మీద ఇన్సులేషన్ పోయినట్లా సార్?" అన్నా.

ఆయన నవ్వినాడు. "అట్లాగే. కానీ ఇది మళ్ళీ వస్తుంది. టైం పడుతుంది."

ఆ మాటకి నాకి ధైర్యమొచ్చింది. కాలిపోయిన మోటార్లు ఎన్ని బాగు చేయలేదు! అయితే ఆ జబ్బు కాళ్ళనుంచి పైకి పాకతాంది. ఛాతీకి ఎక్కితే వెంటిలేటర్ పెట్టాలన్నారు, ఐ.సి.యు.లో వేసినారు. నర్సమ్మ వచ్చినప్పుడల్లా ఊపిరి బలం చూసేకి, "ఒక్క ఊపిరిలో ఒకట్రెండు లెక్కపెట్టన్నా," అనేది. నేను లెక్కపెడతాంటే మాబున్ని అద్దం అవతల నిలబడి నా నోరే చూసేది. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు సెలైన్ మాదిరి ఎక్కించినారు. దాని ఖర్చు సంగతి ఈడ రాయను, అది వేరే కత. దేవుని దయవల్ల ఊపిరి నిలబడింది. కాళ్ళు మాత్రం ఇసక మూటలు మాదిరి పడి ఉండాయి.

పంపించేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పినాడు. "మందు పని అయిపోయింది. ఇంక ఫిజియోథెరపీనే. రోజుకి నాలుగైదు సార్లు ఎవరో ఒకరు కీళ్ళన్నీ వంచాలి, చాచాలి. లేకుంటే బిగుసుకుపోతాయి. నరం తిరిగొచ్చినా నడవలేవు."

ఎవరో ఒకరంటే ఎవరు? మాకి ఒకతే బిడ్డ, బళ్ళారిలో కాపురం, అప్పుడు పచ్చి బాలింత. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మంచం మీద పడుకొని నాకి ఒక ఆలోచన పట్టుకునింది. మా జమాతు, అంటే మా మసీదోళ్ళు, నాకి అక్కరకొస్తారా? నేను శుక్రవారం సాయిబుని. మిగతా రోజులు నమాజుకి పోయింది తక్కువ. ఐదు పూటలా పొయ్యేవానికైతే వస్తారు, నాలాంటోనికి ఏంటికి వస్తారులే అనుకున్నా. మోటారు విప్పి చూసే బుద్ధి కదా, ఎవరొస్తారో ఎవరు రారో చూస్తామని కనిపెట్టుకొని ఉన్నా.

వచ్చినారు. రాకపోవడమా! శుక్రవారం నమాజు కాంగానే గుంపుగా వచ్చినారు. యాపిల్ పండ్లు తెచ్చినారు, దువా చేసినారు, ఫలానా ఊర్లో ఫలానా ఆయన ఇదే జబ్బుతో పోయినాడని కతలు గూడా చెప్పినారు. మాబున్ని చాయ్ పెట్టేది, గ్లాసులు కడిగేది, మల్లా పెట్టేది. శనివారం ఆదివారం గూడా అదే కత. నా కాళ్ళు అట్లే ఉండేవి.

మల్లా చెకప్‌కి పోతే డాక్టరు నా మడమ పట్టుకొని మొగం చిట్లించినాడు. "ఎవరు చేయిస్తున్నారు ఎక్సర్‌సైజులు? చీలమండ బిగుస్తోంది. ఇట్లే ఉంటే పాదం పైకి లేవక వేలాడే ఫుట్ డ్రాప్ నిలిచిపోతుంది."

"చాయ్ పెట్టేకే సరిపోతాంది సార్, కాలు వంచేకి యాడుండాది టైము?" అనింది మాబున్ని.

ఆ శుక్రవారం ఇంటినిండా మనుషులు. మాబున్ని చాయ్ తేలేదు. వాకిట్లో నిలబడి కొంగు దోపుకునింది. "ఏమన్నా, అందరూ ఒకటే పూట వచ్చి కూచుంటే ఈయన లేస్తాడా? డాక్టరు రోజుకి ఐదుసార్లు కాళ్ళు వంచమన్నాడు. మీకి రోజుకి ఐదు నమాజులు ఉండాయి కదా. పూటకి ఇద్దరు రాండి. కాళ్ళు వంచి పోండి. చాయ్ మాత్రం అడగొద్దండి."

నాకైతే సిగ్గుతో సచ్చినంత పనైంది. మా హజరత్, చిన్న వయసు ఇమాం సాబు, నేల చూసుకుంటా కూచున్నోడు తల ఎత్తి, "అమ్మ చెప్పింది సరిగ్గా ఉండాది," అన్నాడు. సాయంత్రానికి మసీదులో పూటలు పంచేసినాడు.

మొదటిరోజు అందరూ మల్లా గుంపుగానే వచ్చినారు, నేర్చుకునేకి! ఆసుపత్రి ఫిజియోథెరపీ మేడం వీడియో కాల్‌లో, "మెల్లగా, మెల్లగా, బలంగా లాగొద్దు," అని అరుస్తాంది. కాసీం మామది మటన్ అంగడి. ఆయన నా తొడ పట్టుకుంటే నాకి ప్రాణం విలవిలలాడింది. "మామా, ఇది అమ్మే కాలు కాదు," అంటే పడీ పడీ నవ్వినాడు. ఆయన తెల్లారిజాము ఫజర్ నమాజు అయినాంక వచ్చేటోడు, ఒక్కరోజు తప్పలేదు. నేను పెద్ద భక్తుడనుకున్న మనిషి రెండుసార్లు వచ్చి కనపడలేదు. ఎప్పుడూ నాతో మాట్లాడనోడు రాత్రి ఇషా నమాజు అయినాంక వచ్చి, గమ్మున వంచి, గమ్మున పోయేటోడు. మజ్జాన్నం మాత్రం అందరికీ పనులే. ఆ పూట నా అంగడి ఎదురుగా వెల్డింగ్ చేసే రామాంజి తీసుకున్నాడు. "నాకి నమాజు లేదు కానీ అన్నం టైము ఉండాది కదన్నా," అన్నాడు. అయితే జమాతు అంటే ఎవరెవరు? నాకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

నెలలు పట్టింది. మొదట బొటనవేలు కదిలింది. తర్వాత కూచున్నా, వాకర్ పట్టుకున్నా. కాలికి పాదాన్ని నిలబెట్టే స్ప్లింట్ కట్టుకొని మసీదు మెట్టెక్కిన రోజు నన్ను పట్టుకొని ఏడ్చినోళ్ళు ఉండారు. నేనూ ఏడ్చినా. జమాతు మనోళ్ళని చూసుకుంటుంది, ఇంగ అనుమానం లేదు అనుకున్నా.

అప్పుడు మాబున్ని నడుము పోయింది. ఇన్నాళ్ళూ నన్ను ఎత్తి దించిన నడుము. "డిస్క్ జారింది, బెడ్ రెస్ట్," అన్నాడు డాక్టరు. నేను కర్ర పట్టుకొని అన్నం వండతాండా. ఒకవారం పోయింది, ఇంగోవారం పోయింది, ఒక్కరూ రాలేదు. మసీదులో అందరూ, "కాళ్ళెట్లుండాయి బాబయ్యా?" అని నన్నే అడుగుతాండారు. చెడ్డోళ్ళు కాదప్పా, వాళ్ళకి తెలీదు. నేను రాకపోతే వరసలో నా చోటు ఖాళీగా కనపడుతుంది. మా మసీదు వరసలో మాబున్నికి చోటే లేదు, ఇంగ ఖాళీ ఎట్ల కనపడుతుంది?

హజరత్‌కి అదే మాట చెప్పినా. ఆయన మొగం చిన్నబోయింది. "అన్నా, మేము నీ కాళ్ళే చూసినాము," అన్నాడు. ఆ సాయంత్రమే కాసీం మామ భార్య షరీఫత్త వచ్చింది. చేతిలో పండ్లు లేవు. నన్ను పలకరించలేదు గూడా, నేరుగా లోపలికి పోయి మంచం మీద కూచుని, "నీ ఒళ్ళెట్లుండాదమ్మా?" అనింది. ఐ.సి.యు. అద్దం కాడ ఏడవని మనిషి, ఇన్ని నెలల్లో ఒక్కరోజు నా ముందర ఏడవని మనిషి, మా మాబున్ని, ఆ మాటకి బోరున ఏడ్చింది.

ఇప్పుడు అంగడికి పోతాండా, సగం పూట. ఎడమకాలికి స్ప్లింట్ ఇంగా ఉండాది. మాబున్ని నడుముకి బెల్టు కట్టుకొని తిరుగుతాంది. షరీఫత్త, ఇంగో ఇద్దరు ఆడోళ్ళు వారానికి రెండుసార్లు వస్తారు, మా ఇంటికే కాదు, యాడ మంచం పట్టినోళ్ళుంటే ఆడికి.

మీరు మసీదుకి పోయేటోళ్ళైనా, గుడికి పోయేటోళ్ళైనా, చర్చికి పోయేటోళ్ళైనా నేను చెప్పేది ఒకటే. రోగిని చూసేకి పోయినప్పుడు మంచం కాడనే కూచోవద్దండి. లేచి వంటింట్లోకి పోండి. ఆడ నిలబడి చేస్తాండే మనిషిని అడగండి, నీ ఒళ్ళెట్లుండాదని.