ఆవుల క్షేమం

న్యాగోవా ప్రతి తలుపు దగ్గరా తల వంచి లోపలికి వస్తుంది. ఆ పొడవు ఆఫ్రికాలో ఆవులే ఆస్తిగా బతికే ఆమె నువేర్ జాతి వాళ్లది. అమెరికాలోని ఈ ఒమాహా ఊళ్లో తలుపులు బిగించినవాళ్లకు వాళ్ల సంగతి తెలియదు. పదేళ్లు మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టింది, అక్కడ మాటతో పని పడలేదు. ఇప్పుడు నర్సు సహాయకురాలి శిక్షణలో చేరింది. అక్కడ పక్క సర్దడం, ఇంగ్లీషు మాట్లాడటం ఒకే గదిలో నేర్పుతారు. 'నేనిప్పుడు మీ చేయి పట్టుకుంటాను' లాంటి వాక్యాలు అరచేతిలో రాసుకుని బస్సులో పెదవులు కదుపుతూ ఉంటుంది. చేతులు కడుక్కోగానే చెరిగిపోతాయి, మళ్లీ రాసుకుంటుంది.

పరీక్ష రోజున వృద్ధాశ్రమంలో ఎల్డన్ అనే ముసలాయనకు బీపీ చూడమన్నారు. ఆయన ఎవరినీ చెయ్యి తాకనివ్వడు. న్యాగోవా చేతులు కడుక్కుంది, వాక్యం నీళ్లలో కొట్టుకుపోయింది. టీచరు మార్లిస్ కలం పట్టుకుని చూస్తోంది. ఇక చేసేది లేక, తన వాళ్లలో పెద్దల్ని పలకరించినట్టే పలకరించింది.

"రాత్రి నిద్ర పట్టిందా తాతా? పిల్లలు కులాసానా? ఆవులు బాగున్నాయా?"

ఎల్డన్ ఆమె వైపు తల తిప్పాడు. "ఆవులా? అమ్మేసి పద్నాలుగేళ్లయింది."

"అయ్యో! ఎన్ని?"

"అరవై రెండు."

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "వాటి పేర్లేంటి?"

"మేబెల్ అని ఒకతి ఉండేది, మహా పొగరుబోతు..." అంటూ ఆయనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పదకొండో ఆవు దగ్గరకొచ్చేసరికి ఆమె పని అయిపోయింది.

మార్లిస్ మార్కుల కాగితంలో ఆవులకు గడి లేదు. ఆవిడ కలంతో ఒకటి గీసి, టిక్కు పెట్టింది.

"ఎక్కడికి పోతున్నావ్?" అన్నాడు ఎల్డన్. "ఇంకా యాభై ఒక్కటి ఉన్నాయి."